హెడ్డు దింపే ముందు

హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి వరంగల్ రహదారి పట్టగానే పాత కార్లకు అసలు పరీక్ష మొదలవుతుంది. నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ కడతామని 2018లో ఎత్తుకున్న పని ఏళ్లకేళ్లు సాగింది. పైన స్తంభాలు లేచి నిలబడ్డాయి, కింద రోడ్డు గుంతలు పడింది. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని ఫస్టు గేరులో పాకుతున్న బండికి ఎదురుగాలి అంటూ ఉండదు. రేడియేటర్ వెనక తిరిగే ఫ్యాను ఒక్కటే దిక్కు. అలాంటప్పుడు ఏదో ఒక బానెట్ సందులోంచి ఆవిరి లేస్తుంది, బండి పక్కకు తీస్తారు, నలుగురు చేరతారు, అందులో ఒకరు "హెడ్ గ్యాస్‌కెట్ పోయిందన్నా" అని తేల్చేస్తారు.

ఆ మాట నిజమైతే బండి ధరలో పెద్ద ముక్క మరమ్మతుకే పోతుంది. నిజం కాకపోతే ఇంకా నష్టం. బాగున్న ఇంజన్‌ను విప్పి, అసలు జబ్బును అలాగే వదిలి, మళ్లీ బిగించి బిల్లు చేతిలో పెడతారు. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు ఇంకో బెడద కూడా ఉంది: నిజంగానే పోయిన గ్యాస్‌కెట్‌ను నాలుగు రోజులు కప్పిపుచ్చి అంటగట్టే అమ్మకందారు. ఈ గందరగోళానికంతా మూలం ఒకటే. గ్యాస్‌కెట్ దానంతట అది పోవడం అరుదు. దాన్ని పోగొట్టేది వేడి. ఆ వేడికి కారణం నీళ్లలోనో, ఫ్యానులోనో, రేడియేటర్ మూతలోనో ఉంటుంది. షెడ్డులో మాత్రం ముందు హెడ్డు మీదే చేయి పడుతుంది.

ఇంజన్‌లో కింది భాగం బ్లాకు, పై భాగం హెడ్డు. రెంటి నడుమ పరిచే పలుచని రేకే హెడ్ గ్యాస్‌కెట్. పాత మేస్త్రీల నోట హెడ్ ప్యాకింగ్. మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. మండే వాయువులు, ఇంజన్ ఆయిల్, కూలెంట్ ఒకదాంట్లో ఒకటి కలవకుండా చూడటమే దాని పని. సిలిండర్‌లో మంట రేగినప్పుడు ఒత్తిడి పెట్రోలు ఇంజన్‌లో 50, 60 బార్లు, ఈ కాలపు టర్బో డీజిల్‌లో 150 బార్లు దాటవచ్చు. పక్కనే కూలెంట్ దారుల్లో ఒత్తిడి ఒక బారు. ఒకప్పుడు గ్యాస్‌కెట్‌ను ఆస్బెస్టాస్‌తోనూ రాగి రేకులతోనూ చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా పొరలు పొరలుగా పేర్చిన స్ప్రింగు స్టీలు రేకులు వాడుతున్నారు.

చాలా ఇంజన్లలో బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. స్విఫ్ట్, డిజైర్, టాటా విస్టా వంటి కార్లలో నడిచిన ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ అలాంటిదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసినా, ఆ ఇంజన్ బండ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఇప్పటికీ కొల్లలు. అల్యూమినియం వేడికి ఇనుము కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న హెడ్డు 30 డిగ్రీల నుంచి 105 డిగ్రీలకు చేరితే, కిందున్న బ్లాకు కన్నా మిల్లీమీటరులో మూడో వంతు ఎక్కువ సాగాలని చూస్తుంది. బోల్టులు కదలనివ్వవు. ఆ ఈడ్పంతా గ్యాస్‌కెట్ మీద పడుతుంది. అంతవరకు ఓర్చుకునేలాగే దాన్ని తయారుచేశారు. ఇంజన్ బాగా మరిగిపోయినప్పుడు మాత్రం హెడ్డే వంపు తిరుగుతుంది, చల్లారాక కూడా ఆ వంపు పోదు. సుజుకీ చిన్న ఇంజన్లలో హెడ్డుకు అనుమతించే వంపు 0.05 మిల్లీమీటరు. తల వెంట్రుక మందం అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ కింద ఉన్నది గ్రానైటు రాయి. ఇలాంటి రాతి నేలల్లోని భూగర్భ జలాలను ఏళ్లుగా పరిశోధిస్తున్న జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉన్నది కూడా ఉప్పల్ రోడ్డు మీదే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువని ఇక్కడి గృహిణికి ఎవరూ చెప్పక్కర్లేదు. గీజరు కాయిలు చూస్తే తెలుస్తుంది. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కాఠిన్యం పరిమితి లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనిచోట 600. బకెట్‌లో పట్టిన బోరు నీళ్లు రేడియేటర్‌లో పోస్తే అదే తెల్లటి పొలుసు సన్నని గొట్టాల లోపల పేరుకుంటుంది, వేడిని బయటికి పోనివ్వదు. పైగా మామూలు నీళ్లలో తుప్పును ఆపే రసాయనాలు ఉండవు. వాటర్ పంపు రెక్కలు, హెడ్డు లోపలి దారులు మెల్లగా కొరుక్కుపోతాయి. "ఎండాకాలం కూలెంట్ ఎందుకు సార్, నీళ్లు చాలు" అనే సలహా ఈ ఊళ్లో ఎన్ని హెడ్లను తిన్నదో లెక్క తీసినవారు లేరు. కూలెంట్ కొనే స్తోమత లేని రోజున పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ వాటర్ పోసినా బోరు నీటి కన్నా వంద రెట్లు నయం.

రేడియేటర్ మూతను మూత అనుకుంటారు గానీ అది ఒత్తిడిని అదుపు చేసే వాల్వు. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత దాదాపు ఒక బారు ఒత్తిడి పట్టి ఉంచితే అవే నీళ్లు 120 దగ్గర గానీ మరగవు. సగం కూలెంట్ కలిస్తే ఇంకా పైకి. చాలా కార్లలో ఫ్యాను తిరగడం మొదలయ్యేది 95 డిగ్రీల ప్రాంతంలో. అంటే రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలపలేని మూత ఉంటే, లోపల ఉత్త నీళ్లే ఉంటే, ఫ్యాను అందుకునేలోపే మరుగు మొదలవుతుంది. ఒక చవక మూత మార్చకపోవడం వల్ల హెడ్డు దించాల్సి రావడం ఎంత అన్యాయం!

దీనికి తోడు సొంత వైద్యాలు. బండి వేడెక్కుతోందంటే మొదట థర్మోస్టాట్ పీకేస్తారు. 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన ఆ వాల్వు లేకపోతే ఇంజన్ చలికాలంలో ఎప్పటికీ సరైన వేడికి రాదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ మిగిలిపోతుంది. రెండో వైద్యం ఫ్యాను "డైరెక్ట్" చేయడం, అంటే స్విచ్చును పక్కన పెట్టి తాళం తిప్పగానే తిరిగేలా వైరు కలపడం. మూడోది పసుపు. రేడియేటర్ కారుతుంటే గుప్పెడు పసుపు పోయడం లారీ, టాక్సీ డ్రైవర్ల పాత చిట్కా. చిన్న బెజ్జాన్ని అది పూడ్చేమాట నిజమే. మంచి గొట్టాలనూ పూడ్చేస్తుంది. రేడియేటర్ ట్యాంకు పగులుకు ఎమ్‌సీల్, కీలు కీలుకూ అనాబాండ్ జిగురు. ఊరు చేరడానికి ఇవి పనికొస్తాయి. తర్వాత రెండేళ్లు అలాగే నడిపితేనే చిక్కు.

గ్యాస్‌కెట్ పోయిందని చెప్పే లక్షణాల పట్టిక అందరికీ నోటికి వచ్చు: తెల్ల పొగ, ఆయిల్ మూత కింద మీగడ, బయట ఎక్కడా కారకుండా తగ్గిపోయే కూలెంట్, రేడియేటర్‌లో బుడగలు, రాయిలా బిగుసుకునే హోస్ పైపు, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ కొట్టకపోవడం. చిక్కేమిటంటే వీటిలో ప్రతి ఒక్కదానికీ ఇంకో కారణం కూడా ఉండొచ్చు. డిసెంబరు పొద్దున సైలెన్సర్‌లోంచి తెల్లటి ఆవిరి రావడం మామూలే. బండి కాస్త నడిచాక ఆగిపోతే అది పొగ కాదు, తేమ. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా దట్టంగా, తియ్యటి వాసనతో వస్తుంటే అప్పుడు అనుమానించాలి. ఆ తీపిని నాలుకతో పరీక్షించే మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. వేలితో తాకి నోట్లో పెట్టుకునే అలవాటు మానుకోవాలి.

ఆయిల్ మూత కింది మీగడ ఇంకా పెద్ద మోసగత్తె. నాచారం నుంచి హబ్సిగూడకు మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే బండికి వానాకాలంలో ఇంజన్ ఎప్పుడూ పూర్తిగా కాగదు. లోపలి తేమ మూత దగ్గర పేరుకుని ఆయిల్‌తో కలిసి తెల్లబడుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉంటే భయపడాల్సింది లేదు. ఒకసారి ఘట్‌కేసర్ దాకా ఆగకుండా నడిపి తెస్తే చాలావరకు పోతుంది. డిప్‌స్టిక్ మీద కూడా పాల టీ రంగు కనిపించినా తీర్పు చెప్పేయకూడదు. చాలా డీజిల్ ఇంజన్లలో ఆయిల్‌ను చల్లబరిచే కూలర్‌లోకి కూలెంట్ వెళ్తుంది. ఆ కూలర్ లోపల పగిలితే ఆయిల్, నీళ్లు కలిసిపోతాయి, హెడ్డుకు ఏమీ కాకుండానే. పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ కారితే కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగా రావచ్చు. ఈ రెండూ చూడకుండా డీజిల్ బండి హెడ్డు విప్పిన మెకానిక్‌ను ఏమనాలి?

తూర్పు హైదరాబాద్‌కు ఇంకో ప్రత్యేక సమస్య ఉంది. 2020 అక్టోబరు 13న కురిసిన వాన. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్కరోజులో సుమారు 32 సెంటీమీటర్లు పడింది. రామంతాపూర్, ఉప్పల్ చెరువుల కింది కాలనీల్లో కార్లు బానెట్ దాకా మునిగాయి. ఇలా మునిగిన బండి ఆయిల్‌లోనూ నీళ్లుంటాయి, అదే పాల టీ రంగు. నీళ్లలో ఉండగా స్టార్ట్ చేసి ఉంటే సిలిండర్‌లోకి నీరు చేరి కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు. దానికి గ్యాస్‌కెట్ మార్చినా ప్రయోజనం లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే, స్టెప్నీ గుంతలో చేయి పెట్టి చూస్తే ఒండ్రు మరక దొరుకుతుంది. బెల్టు చివరి అడుగును కడిగే ఓపిక చాలామంది అమ్మకందారులకు ఉండదు.

మరి తేల్చుకునేదెలా? అన్నిటికన్నా చవకైనదీ నమ్మదగినదీ రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్ మీద చేసే పరీక్ష. వేడి ఇంజన్ మీద మూత తీస్తే మొహం కాలుతుంది; ఆ పొరపాటుకు ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. చల్లటి ఇంజన్ మూత తీసి, కూలెంట్ నిండుగా ఉందో లేదో చూసి, మళ్లీ బిగించి స్టార్ట్ చేసి, రేడియేటర్ పై హోసు పట్టుకోవాలి. నీళ్లు ఇంకా చల్లగా ఉండగానే ఒకటి రెండు నిమిషాల్లో హోసు గట్టిపడితే, లోపలికి ఒత్తిడి వస్తున్నది వేడి వల్ల కాదు, సిలిండర్‌లోంచి. అదే హోసు ఇంకో కథ కూడా చెబుతుంది. థర్మోస్టాట్ ఉన్న బండిలో అది చాలాసేపు చల్లగా ఉండి, ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటినుంచీ మెల్లగా వెచ్చబడుతూ పోతే వాల్వు పీకేశారన్నమాట. ఏసీ ఆపి తాళం తిప్పగానే ఫ్యాను గిర్రున తిరిగితే డైరెక్ట్ చేసి ఉండొచ్చు, లేదా సెన్సర్ పాడై ఉండొచ్చు. ఏదైనా సరే, ఈ బండికి వేడి చరిత్ర ఉందేమోనని అనుమానించాలి.

ఆ తర్వాతి మెట్టు రసాయన పరీక్ష. బ్రోమోథైమాల్ బ్లూ అనే నీలం ద్రవం పోసిన గాజు గొట్టాన్ని రేడియేటర్ మూతి మీద పెట్టి లోపలి గాలిని అందులోంచి పీలుస్తారు. మండిన వాయువులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపు రంగుకు తిరుగుతుంది. ఈ కిట్టు ఖరీదు ఒకసారి హెడ్డు విప్పే కూలీతో పోలిస్తే ఏ మూలకూ రాదు, అయినా మామూలు షెడ్లలో కనిపించడం తక్కువ. కంప్రెషన్ గేజి మాత్రం చాలాచోట్ల ఉంటుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో కంప్రెషన్ పడిపోతే వాటి మధ్య గ్యాస్‌కెట్ కాలిందని గట్టిగా చెప్పవచ్చు. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి పట్టాలి. రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్‌కెట్టో హెడ్డు పగులో. ఆయిల్ మూత దగ్గర గాలి తన్నితే రింగులు. సైలెన్సర్‌లో బుస్సుమంటే వాల్వు. 2013 తర్వాతి కార్లకు ఓబీడీ సాకెట్‌లో పెట్టే చిన్న పరికరంతో కూలెంట్ వేడిని ఫోనులోనే అంకెల్లో చూడొచ్చు. ఇటీవలి చిన్న కార్లు చాలావాటిలో ముల్లున్న టెంపరేచర్ మీటరే లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మరిగితే ఎర్ర దీపం. ఎర్ర దీపం వెలిగేసరికి చాలాసార్లు ఆలస్యమైపోతుంది. కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ ఆవిరిలో వేలాడుతుంటే ఆ దీపం కూడా సరిగా చెప్పదు.

పరీక్షలన్నీ గ్యాస్‌కెట్ వైపే చూపిస్తే హెడ్డు దించాల్సిందే. ఈ విషయంలో ఉప్పల్, నాచారం వాసులకు ఒక సౌలభ్యం ఉంది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో లేత్, మిల్లింగ్, గ్రైండింగ్ యంత్రాలున్న చిన్న వర్క్‌షాపులకు లోటు లేదు. హెడ్డుకు ఫేసింగ్ కొట్టించడానికి, అంటే దాని అడుగును యంత్రంతో చదును చేయించడానికి, నగరం దాటి పోనక్కర్లేదు. అయితే యంత్రం ఉన్నంత మాత్రాన పని సరిగా జరిగినట్టు కాదు. ఫేసింగ్‌కు ముందు స్కేలు పెట్టి ఫీలర్ గేజితో వంపు కొలవాలి. దారులు మూసి గాలి పట్టి, వేడి నీళ్లలో ముంచి పగుళ్లు చూడాలి. పగిలిన హెడ్డుకు ఎంత చక్కటి ఫేసింగ్ కొట్టినా డబ్బు దండగే. ఎంత లోహం తీస్తే కంప్రెషన్ అంత పెరుగుతుంది. కామ్ షాఫ్ట్ హెడ్డులోనే ఉన్న ఇంజన్లలో టైమింగ్ కూడా కాస్త జరుగుతుంది. చాలా కొత్త డీజిల్ ఇంజన్ల హెడ్లకు ఫేసింగ్ చేయవద్దని కంపెనీలే చెబుతాయి. డీజిల్ గ్యాస్‌కెట్లలో మందాన్ని బట్టి రకాలుంటాయి, అంచున గాట్లో రంధ్రాలో గుర్తుగా ఉంటాయి. పాతదాని గుర్తు చూడకుండా కొట్లో ఇచ్చింది తెచ్చి వేస్తే పిస్టన్ వెళ్లి వాల్వును తాకవచ్చు.

స్టీలు పొరల గ్యాస్‌కెట్ నున్నటి ఉపరితలం కోరుతుంది. గ్రైండర్‌కు ఎమరీ బిళ్ల తగిలించి బ్లాకు పైభాగాన్ని గీకేసే పద్ధతి పాత ఆస్బెస్టాస్ ప్యాకింగ్ రోజుల్లో చెల్లింది. ఇప్పుడు అదే పని చేస్తే కంటికి కనపడని గుంటలు పడతాయి, రాలిన పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను తింటుంది. హెడ్డు గ్యాస్‌కెట్‌కు అనాబాండ్ రాయకూడదు. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు మిగలకూడదు. బిగించేటప్పుడు అవి పోయే దారిలేక బ్లాకునే పగలగొడతాయి. బోల్టులు విప్పేటప్పుడు బయటి నుంచి లోపలికి, బిగించేటప్పుడు నడుమ నుంచి బయటికి, కంపెనీ చెప్పిన టార్క్, ఆపైన చెప్పిన డిగ్రీలు. ఇలా డిగ్రీల లెక్కన బిగించే బోల్టుల్లో చాలావాటిని ఒకసారే వాడాలి. "పాతవి బాగానే ఉన్నాయి సార్" అన్న మేస్త్రీతో ఇక్కడ వాదన పెట్టుకోవాల్సిందే. చేతి అంచనాతో బిగించిన హెడ్డు వచ్చే ఎండాకాలం దాకా నిలిస్తే అది అదృష్టం.

అంతకన్నా ముఖ్యం, మొదట వేడెక్కించిందేమిటో కనుక్కుని దాన్ని కూడా మార్చడం. రేడియేటర్ గొట్టాలను రాడింగ్‌తో శుభ్రం చేయించడమో కొత్తది వేయడమో, మూత, థర్మోస్టాట్, ఫ్యాను స్విచ్చు, వాటర్ పంపు. ఇవి ఎస్టిమేట్‌లో లేకపోతే ఆ ఎస్టిమేట్ సగమే. ఎల్పీజీ, సీఎన్‌జీ కిట్టు బిగించిన బండ్లకు వాల్వు సీట్లూ చూడాలి. రెండోసారి గ్యాస్‌కెట్ పోయిన కార్లలో ఎక్కువగా కనిపించేది ఈ సగం పనే.

గ్యాస్‌కెట్టే నేరస్థుడైన సందర్భాలు ప్రపంచంలో లేకపోలేదు. బ్రిటన్‌లో రోవర్ కంపెనీ కె సిరీస్ ఇంజన్ అలా పేరు పోగొట్టుకుంది. తర్వాత దానికి పొరల స్టీలు గ్యాస్‌కెట్ తెచ్చారు. అమెరికాలో సుబారు 2.5 లీటర్ల ఇంజన్లకు, ముఖ్యంగా 1990ల చివరి నుంచి 2000ల దాకా వచ్చినవాటికి, గ్యాస్‌కెట్ దగ్గర కారే జబ్బు ప్రసిద్ధం. చదువుకోవడానికి వెళ్లి పాత సుబారు చవగ్గా కొందామనుకునే తెలుగు పిల్లలకు ఇప్పటికీ మొదట వినిపించే హెచ్చరిక అదే. అవి డిజైన్‌లోనే ఉన్న లోపాలు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన మారుతి 800కు గానీ, దాని తర్వాత వచ్చిన ఆల్టోలు, సాంత్రోలు, స్విఫ్టులకు గానీ ఇక్కడ అలాంటి అపకీర్తి లేదు. ఇక్కడ గ్యాస్‌కెట్‌ను చంపుతున్నది మన నిర్వహణే.

చట్టం ఎంతవరకు ఆదుకుంటుంది? 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా అధికారుల నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. అది కాగితాల బాధ్యత గురించే, ఇంజన్ ఆరోగ్యం గురించి కాదు. డీలరు లోపం దాచి అమ్మితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. కొన్నవారు నివసించే చోటే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. పక్క వీధి పెద్దమనిషి తన సొంత బండి అమ్మితే మాత్రం ఈ చట్టం వర్తించదు, ఎందుకంటే ఆయన వ్యాపారి కాదు. ఇంజన్ మొత్తం మార్చిన బండి అయితే కొత్త ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కిందో లేదో తప్పక చూడాలి.

కాబట్టి కొనేవారు బేరానికి ముందే ఒక షరతు పెట్టాలి: పొద్దున్నే వస్తాను, అప్పటిదాకా బండి స్టార్ట్ చేయవద్దు. వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు రావాలి, రెండోసారీ అలాగే ఉంటే ఆ బండి వదిలేయాలి. హెడ్డు ఒకసారి దిగిందన్నంత మాత్రాన బండి చెడ్డది కాదు. ఫేసింగ్ బిల్లు, కొత్త బోల్టుల బిల్లు, రేడియేటర్ బిల్లు మూడూ చూపించగలిగితే ధైర్యంగా కొనొచ్చు. కంపెనీ ఇక్కడ అమ్మకాలు ఆపేసిన కార్లకు, అంటే 2017లో ఆగిన షెవర్లే, 2021లో ఆగిన ఫోర్డ్ బండ్లకు, సరైన గ్యాస్‌కెట్, బోల్టులు దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. ఆయిల్‌లో కూలెంట్ కలిసి చాలాకాలం నడిచిన బండి, మరుగుతుంటే ఆపకుండా నడిపిన బండి మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. వాటికి గ్యాస్‌కెట్‌తో ఖర్చు ఆగదు. బేరింగులు, రింగులు కలిసి ఫుల్ ఇంజన్ పనికే వస్తాయి.